సంగారెడ్డి–పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో క్షయ: సామాజిక కారణాలు, ప్రజా అవగాహన

క్షయ, వాడుకలో టీబీ, గాలి ద్వారా సోకే అంటువ్యాధి. సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి పారిశ్రామికవాడల్లో ఈ జబ్బుకు ఊతమిచ్చేవి ప్రధానంగా మూడు: ఇరుకు గది, చాలని తిండి, సెలవు దొరకని కొలువు. మందు ఉచితంగా ఇచ్చినా ఈ మూడూ మారకపోతే రోగి ఆలస్యంగానే దవాఖానకు చేరతాడు.

1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చింది. 1970ల నుంచి పటాన్‌చెరు చుట్టూ రసాయన, ఔషధ, ఉక్కు పరిశ్రమలు పెరిగాయి. అప్పటి మెదక్ జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న సంగారెడ్డి వేరు జిల్లా అయింది. చుట్టుపక్కల పల్లెలవారితో పాటు ఒడిశా, బిహార్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవారు ఇక్కడ పని చేస్తున్నారు. వీరిలో చాలామంది కాంట్రాక్టరు కింద పనిచేసేవారే.

సోకడం వేరు, జబ్బు పడటం వేరు

క్షయ క్రిమిని కనుగొన్నట్టు 1882 మార్చి 24న రాబర్ట్ కాక్ ప్రకటించాడు. ఊపిరితిత్తుల క్షయ ఉన్నవారు దగ్గినా, తుమ్మినా, పాట పాడినా క్రిములు గాలిలో కలుస్తాయి. కంచం, గ్లాసు, దుప్పటి ద్వారా ఇది రాదు. 2019–21లో జరిగిన జాతీయ క్షయ సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్లు దాటినవారిలో సుమారు 31 శాతం మందికి ఈ క్రిమి సోకి ఉంది. సోకినవారిలో జీవితకాలంలో జబ్బు పడేది 5 నుంచి 10 శాతం మందే. మిగతావారిలో రోగనిరోధక శక్తి దాన్ని అణచి ఉంచుతుంది. ఆ శక్తి ఎవరిలో, ఎందుకు తగ్గుతోందన్న ప్రశ్న దగ్గరే సామాజిక కారణాలు మొదలవుతాయి.

గది, తిండి, దుమ్ము

కంపెనీల దగ్గరి అద్దె గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉండటం మామూలే. పగటి షిఫ్టువాళ్లు లేచిన చాపల మీదే రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాళ్లు పడుకుంటారు. అక్కడే స్టవ్వు, అక్కడే తడి బట్టలు, గోడకు ఒకే కిటికీ. రాత్రిళ్లు ఫ్యాక్టరీల నుంచి ఘాటు వాసనలు వస్తున్నాయని ఈ ప్రాంతవాసులు ఏళ్ల తరబడి ఫిర్యాదు చేస్తున్నారు. వాసనకు, దోమలకు భయపడి ఆ ఒక్క కిటికీ కూడా మూసేస్తారు. క్షయ క్రిమిని పలచబరిచేది గాలి, చంపేది ఎండ. మూసిన గదిలో రెండూ ఉండవు. కాలుష్యం గురించి ఇంత చర్చ జరిగే చోట మూసిన కిటికీ గురించి ఎవరూ పట్టించుకోకపోవడం బాధాకరం.

మన దేశంలో క్షయకు అతిపెద్ద కారణాల్లో పోషకాహార లోపం ఒకటి. జార్ఖండ్‌లో 2019 నుంచి జరిపిన ‘రేషన్స్’ అధ్యయనంలో రోగుల కుటుంబసభ్యులకు నెలకు తలా 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. 2023లో వెలువడిన ఫలితాల ప్రకారం ఆ ఇళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం, ఊపిరితిత్తుల క్షయ 48 శాతం తగ్గాయి. ఊరికి డబ్బు పంపాలని కడుపు కట్టుకునే వలస కార్మికుడికి ఈ ఫలితం నేరుగా వర్తిస్తుంది. బీడీ, మద్యం, మధుమేహం, హెచ్ఐవీ కూడా ముప్పు పెంచుతాయి.

పోత పని చేసేవారికి, లక్డారం వంటి చోట్ల రాళ్ల క్వారీల్లో, క్రషర్ల దగ్గర పనిచేసేవారికి సిలికా దుమ్ము మరో ప్రమాదం. సిలికోసిస్ పట్టిన ఊపిరితిత్తుల్లో క్షయ తేలిగ్గా పాతుకుంటుంది.

ఆలస్యం ఎక్కడ జరుగుతోంది

పై జాతీయ సర్వేలో లక్షణాలున్నవారిలో 64 శాతం మంది అసలు వైద్యం కోసమే వెళ్లలేదు. వారిలో 68 శాతం మంది లక్షణాలను పట్టించుకోలేదు, 18 శాతం మంది అది టీబీ కావచ్చని గుర్తించలేదు, 12 శాతం మంది సొంత వైద్యం చేసుకున్నారు. కెమికల్ పనిలో ఉన్నవాడు దగ్గును కెమికల్ ఖాతాలో వేసుకోవడం మరీ సులువు. ముందు మెడికల్ షాపు, తర్వాత ఆర్ఎంపీ. అక్కడ లెవోఫ్లాక్ససిన్ లాంటి యాంటీబయాటిక్ ఇస్తే ఇబ్బంది మరోలా వస్తుంది. క్షయ క్రిమిపై కూడా అది కొంత పనిచేస్తుంది కాబట్టి దగ్గు నాలుగు రోజులు తగ్గి, పరీక్ష వాయిదా పడి, జబ్బు లోపల్లోపల ముదురుతుంది.

యాంటీబయాటిక్‌ల విషయంలో ఇక్కడ మరో భయం కూడా ఉంది. పటాన్‌చెరు వ్యర్థజలాల్లో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్టు 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞుల బృందం వెల్లడించింది. ఆ వార్తతో ఈ ప్రాంతానికి మందులకు లొంగని క్రిముల పుట్టిల్లన్న పేరు వచ్చింది. అయితే మందులకు లొంగని మొండి క్షయ ఆ నీళ్లలో పుట్టేది కాదు. చికిత్స మధ్యలో ఆగినా, సరిగ్గా సాగకపోయినా, లేదా అప్పటికే మొండి క్షయ ఉన్న మనిషి నుంచి సోకినా వస్తుంది.

అవగాహన, దానికి అడ్డంకులు

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, తెమడలో నెత్తురు. వీటిలో ఏది కనిపించినా తెమడ పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ దవాఖానల్లో పరీక్ష, మందులు ఉచితం. ఇంకా చాలామంది మనసులో టీబీ అంటే హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ ఛాతీ దవాఖానే. ఆ పేరు వినగానే భయం, దాంతో దాపరికం. ఇంటి యజమాని గది ఖాళీ చేయమంటాడేమో, ఊళ్లో చెల్లెలి పెళ్లి ఆగుతుందేమో అన్న జంకు కూడా ఉంటుంది. సరైన చికిత్స మొదలైతే చాలామంది రెండు వారాల్లోనే ఇతరులకు అంటించే దశ దాటతారన్న మాట, లక్షణాల జాబితాతో సమానంగా ప్రచారం కావాలి.

తెలుగు గోడపత్రిక ఒడియా కార్మికుడికి అక్కరకు రాదు. ఆశా కార్యకర్త పగలు వస్తే గదికి తాళం ఉంటుంది, లేదా రాత్రి షిఫ్టువాళ్లు నిద్రలో ఉంటారు. కంపెనీ గేటు దగ్గర, షిఫ్టు మారే వేళ, హిందీలో, ఒడియాలో చెప్పడమే ఇక్కడ పనికొచ్చే ప్రచారం. లక్షణాలు అడిగి వదిలేసినా చాలదు: జాతీయ సర్వేలో తేలిన రోగుల్లో 42.6 శాతం మంది ఛాతీ ఎక్స్‌రే లేకుంటే బయటపడేవారే కాదు. 2024 డిసెంబరు 7న మొదలైన వంద రోజుల క్షయ నిర్మూలన కార్యక్రమంలో చేత పట్టుకునే ఎక్స్‌రే యంత్రాలు వాడటానికి ఇదొక కారణం.

మామూలు క్షయకు చికిత్స ఆరు నెలలు. నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 ఏప్రిల్ నుంచి రోగికి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు. 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. రోజు కూలీ పోతే ఈ మొత్తం దాన్ని పూడ్చలేదు. కార్మికుల బీమా పథకమైన ఈఎస్ఐలో జబ్బు సెలవుకు 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం వస్తుంది. క్షయ లాంటి దీర్ఘవ్యాధులకు రెండేళ్ల దాకా 80 శాతం ఇచ్చే వెసులుబాటు ఉన్నా, దానికి కనీసం రెండేళ్ల నిరంతర ఉద్యోగం చూపించాలి. ఏడాదికో కాంట్రాక్టరు మారే మనిషికి ఇది అందని పండే. క్షయ సోకే ప్రమాదం ఎక్కువున్నవారినే ఈ నిబంధన బయట ఉంచుతోంది.

రోగితో పాటు ఒకే గదిలో ఉన్నవారిని కూడా ఇంటివారి కిందే లెక్కించి పరీక్షించాలి, జబ్బు లేనివారికి నివారణ మాత్రలు ఇవ్వాలి. చికిత్స మధ్యలో సొంతూరికి వెళ్లే రోగి తన నిక్షయ్ (ప్రభుత్వ క్షయ రోగుల నమోదు) నంబరు చూపితే దేశంలో ఎక్కడైనా మందులు కొనసాగించుకోవచ్చు. సందేహాలకు 1800-11-6666 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.