సెకండ్ హ్యాండ్ మిడ్‌సైజ్ ఎస్‌యూవీ కొంటున్నారా? మోడల్ కన్నా ముందు చూడాల్సినవి

కొత్త మిడ్‌సైజ్ ఎస్‌యూవీలో బేస్ వేరియంట్‌కు పెట్టే డబ్బుతోనే, మూడు నాలుగేళ్లు తిరిగిన అదే బండిలో పై వేరియంట్ వస్తుంది. పెద్దవాళ్లు నడుము వంచకుండా ఎక్కి దిగే ఎత్తు, వెనక ముగ్గురు కూర్చునే వెడల్పు, పండక్కి ఊరెళ్తే సామానంతా పట్టే డిక్కీ ఉండటంతో చాలా కుటుంబాలు ఇటు చూస్తున్నాయి. అయితే షోరూములో ఒకే వేరియంట్ బండ్లన్నీ ఒకేలా ఉంటాయి. ఐదేళ్లు రోడ్డు మీద తిరిగాక ఏ రెండూ ఒకేలా ఉండవు. అందుకే ‘ఏ మోడల్ మంచిది?’ అనే ప్రశ్నతో పని సగమే అవుతుంది. ‘ఈ బండి ఇన్నాళ్లూ ఎక్కడ, ఎవరి దగ్గర, ఎలా తిరిగింది?’ అన్నది తేలితేనే మిగతా సగం పూర్తవుతుంది.

మార్కెట్‌లో ఏమున్నాయి?

భారత్‌లో మిడ్‌సైజ్ ఎస్‌యూవీ అంటే స్థూలంగా నాలుగు మీటర్ల పొడవు దాటిన, ఐదు లేదా ఏడు సీట్ల బండి. 2012లో వచ్చిన రెనో డస్టర్, 2015లో వచ్చిన హ్యుందాయ్ క్రెటా ఈ విభాగానికి ఊపు తెచ్చాయి. 2019లో టాటా హారియర్, ఎంజీ హెక్టర్, కియా సెల్టోస్ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 2021లో స్కోడా కుషాక్, ఫోక్స్‌వ్యాగన్ టైగన్, మహీంద్రా ఎక్స్‌యూవీ700, 2022లో మారుతీ గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్, మహీంద్రా స్కార్పియో-ఎన్ చేరాయి. వీటిలో చాలావరకు ఇప్పుడు సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లోకి వచ్చే వయసులో ఉన్నాయి.

కారు విలువ మొదటి మూడేళ్లలోనే ఎక్కువగా పడిపోతుంది. ఆ నష్టాన్ని మొదటి యజమాని భరించాక, మూడు నుంచి ఐదేళ్ల వయసులో కొనడం చాలామందికి లాభసాటి. అంతకన్నా పాతదైతే ధర తగ్గుతుంది కానీ సస్పెన్షన్, క్లచ్, టైర్లు, బ్యాటరీ ఖర్చులు ఒకదాని వెనక ఒకటి మొదలవుతాయి.

ధర లెక్క మారింది

2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్లపై జీఎస్టీని, సెస్‌ను కలిపి ఒకే 40 శాతం పన్నుగా మార్చారు. అంతకుముందు ఈ తరహా ఎస్‌యూవీలపై రెండూ కలిపి 45 నుంచి 50 శాతం దాకా ఉండేది. దీంతో కొత్త బండ్ల ధరలు తగ్గాయి. అమ్మే వ్యక్తి ‘నేను కొన్నప్పుడు ఇంత’ అని పాత బిల్లు చూపిస్తే, మీరు పోల్చాల్సింది దానితో కాదు. అదే వేరియంట్ ఈరోజు ఆన్‌రోడ్ ధర ఎంతో తెలుసుకుని అక్కడి నుంచి బేరం మొదలుపెట్టాలి.

అప్పు తీసుకుంటే ఇంకో లెక్క ఉంది. పాత కార్లపై వడ్డీ సాధారణంగా కొత్తవాటి కన్నా ఎక్కువ. ఉదాహరణకు ఎనిమిది లక్షలు ఐదేళ్లకు 9 శాతం వడ్డీతో తీసుకుంటే నెల వాయిదా సుమారు 16,600 రూపాయలు. అదే 13 శాతమైతే 18,200. ఐదేళ్లలో తేడా దాదాపు 96 వేలు. బేరంలో తగ్గించామనుకున్న మొత్తం వడ్డీ రూపంలో వెళ్లిపోకుండా చూసుకోవాలి.

పెట్రోలా, డీజిలా, హైబ్రిడా?

మీ కుటుంబం బండిని ఎలా వాడుతుందన్నదే దీన్ని నిర్ణయించాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టి ఉంచే ఫిల్టర్ ఉంటుంది. హైవే మీద కొంతసేపు ఒకే వేగంతో వెళ్తే సైలెన్సర్ గొట్టం వేడెక్కి ఆ మసి కాలిపోతుంది. రోజూ నాలుగైదు కిలోమీటర్లు సిటీలోనే తిరిగే బండిలో మసి పేరుకుపోయి, డ్యాష్‌బోర్డులో వార్నింగ్ లైటు వెలుగుతుంది. ఈ ఫిల్టర్ మార్చడం ఖరీదైన పని. నెలకోసారైనా దూర ప్రయాణాలు లేని ఇంటికి పెట్రోలే నయం.

పెట్రోల్ బండి తీసుకుంటే తయారీ తేదీ చూడండి. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వస్తోంది. దానికి తట్టుకునే రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు తప్పనిసరి అయింది 2023 ఏప్రిల్ నుంచి. అంతకుముందు తయారైనదైతే ఆ మోడల్ గురించి కంపెనీ ఏం చెబుతోందో సర్వీస్ సెంటర్‌లో అడగడం మంచిది.

గ్రాండ్ విటారా, హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్ వేరియంట్లు సిటీ ట్రాఫిక్‌లో మంచి మైలేజీ ఇస్తాయి. వాటి హైబ్రిడ్ బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ ఉంది. అందులో ఎంత మిగిలిందో రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

ఆటోమేటిక్ అన్న మాట దగ్గర ఆగిపోవద్దు. టార్క్ కన్వర్టర్, సీవీటీ, డ్యూయల్ క్లచ్ అన్నీ ఆటోమేటిక్‌లే. డ్రై క్లచ్ రకం డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సులు ఆగుతూ కదులుతూ సాగే ట్రాఫిక్‌లో వేడెక్కుతాయి. టెస్ట్ డ్రైవ్‌లో కాసేపు అలాంటి ట్రాఫిక్‌లోనే నడపండి. బండి కుదుపుతో కదిలినా, రివర్స్ పడటానికి ఆలస్యమైనా ఆ బండి వదిలేయడమే మేలు.

భద్రత రేటింగ్ ఏ వెర్షన్‌ది?

గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో సెల్టోస్‌కు 2020లో, క్రెటాకు 2022లో మూడు స్టార్లు వచ్చాయి. ఎక్స్‌యూవీ700కు 2021లో, కుషాక్, టైగన్‌లకు 2022లో ఐదు స్టార్లు వచ్చాయి. హారియర్, సఫారీలకు 2023లో ఐదు స్టార్లు వచ్చినా, పరీక్షించింది ఆ ఏడాది మారిన రూపాన్ని. 2019 నాటి హారియర్‌కు ఆ రేటింగ్‌ను అంటగట్టకూడదు. 2021కి ముందు బండ్ల కింది వేరియంట్లలో రెండు ఎయిర్‌బ్యాగులే ఉండటం మామూలు. పిల్లలున్న ఇంట్లో సన్‌రూఫ్ కన్నా సైడ్ ఎయిర్‌బ్యాగులు, స్టెబిలిటీ కంట్రోల్, పిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ ఉన్నాయా అన్నది ముందు చూడాలి.

కాగితాలు

అడ్వాన్స్ ఇవ్వకముందే ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి యజమాని ఎన్నోవాడు, రిజిస్ట్రేషన్ తేదీ, ఫైనాన్స్ ఉందా, బీమా గడువు ఎప్పటిదాకా అన్నవి చూడండి. పెండింగ్ చలాన్లు విడిగా చూసుకోవాలి. ఆర్‌సీలోని ఛాసిస్, ఇంజిన్ నంబర్లు బండి మీద ఉన్నవాటితో కలవాలి. ఫైనాన్స్ తీరిందంటే నోటి మాట చాలదు. బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి రావాలి.

పేరు మార్పిడికి ఫారం 29, 30 కావాలి. మోటారు వాహనాల చట్టం ప్రకారం కొన్నవారు 30 రోజుల్లోగా రవాణా అధికారులకు తెలియజేయాలి. ‘సంతకం చేసి ఇస్తా, మీకు వీలైనప్పుడు మార్చుకోండి’ అంటే ఒప్పుకోవద్దు. అమ్మేవారికీ ఇది క్షేమం కాదు. రికార్డుల్లో ఎవరి పేరుంటే వారే యజమానిగా ప్రమాద పరిహారానికి బాధ్యులని నవీన్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. బీమాను కూడా 14 రోజుల్లోగా మీ పేరుకు మార్పించాలి. లేదంటే మీ బండికి జరిగిన నష్టానికి క్లెయిమ్ తిరస్కరించే వీలుంటుంది. నో క్లెయిమ్ బోనస్ పాత యజమానిది. అది బండితో పాటు మీకు రాదు కాబట్టి ప్రీమియం లెక్కలో దాన్ని కలుపుకోవద్దు.

ఢిల్లీ బండ్లు, వరద బండ్లు

దేశ రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ వాహనాలు తిరగకూడదన్న ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. దాని అమలుపై 2025లో మధ్యంతర ఆదేశాలు కూడా వచ్చాయి. ఈ అనిశ్చితి వల్ల అక్కడ ఏడెనిమిదేళ్ల డీజిల్ ఎస్‌యూవీలు చౌకగా దొరుకుతాయి. వాటిలో కొన్ని హైదరాబాద్, విజయవాడ దాకా వస్తాయి. చౌక అని సంబరపడే ముందు అక్కడి ఆర్‌టీఓ ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్, రీ-రిజిస్ట్రేషన్ ఖర్చు కలిపి చూడండి. బండి ఇతర రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంటే కొత్త నంబరు తప్పదు. అన్నీ కలిపితే ధరలో తేడా చాలాసార్లు కరిగిపోతుంది.

2020 అక్టోబరులో హైదరాబాద్, 2023 డిసెంబరులో చెన్నై, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగాయి. నీట మునిగిన కార్లు శుభ్రమై, పాలిష్ పట్టించుకుని దూరపు ఊళ్లలో అమ్మకానికి రావచ్చు. సీటు బెల్టును చివరిదాకా లాగి బురద చారలున్నాయేమో చూడండి. స్టెప్నీ కింద, సీటు పట్టాల దగ్గర తుప్పు, హెడ్‌లైట్ల లోపల తేమ, ఫ్లోర్ మ్యాట్ కింద ముక్క వాసన కూడా గుర్తులే. ఈ బండ్లలో ఎలక్ట్రానిక్స్ ఎప్పుడు మొరాయిస్తాయో చెప్పలేం. ఎంత తగ్గించి ఇచ్చినా వద్దనాలి.

బండి దగ్గర

పగటి వెలుతురులో, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూడండి. ముందే స్టార్ట్ చేసి ఉంచితే ఎందుకని అడగండి. ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా, ఆరిపోకపోయినా అనుమానించాల్సిందే. బానెట్, తలుపుల బోల్టుల మీద రెంచీ గీతలుంటే అవి ఎప్పుడో విప్పినవే. అద్దాలపై తయారీ సంవత్సరం బండి వయసుతో సరిపోవాలి. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. 2321 అంటే 2021లో 23వ వారం. ఓడోమీటర్ 30 వేలు చూపిస్తూ పెడల్ రబ్బరు, స్టీరింగ్ అరిగిపోయి ఉంటే నమ్మకండి. ఛాసిస్ నంబరుతో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో పాత రికార్డు తీయిస్తే ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లో బయటపడుతుంది. రికార్డు అడగడానికి యజమాని ఒప్పుకోకపోతే అదే జవాబు అనుకోవాలి.

డస్టర్ డీజిల్ లాంటి ఇంజిన్లలో టైమింగ్ బెల్ట్ ఉంటుంది. గడువుకు మార్చిన బిల్లు లేకపోతే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించాలి. విశాఖ, చెన్నై లాంటి తీర నగరాల బండ్లను లిఫ్ట్ ఎక్కించి అడుగున తుప్పు చూడాలి.

చివరగా, అమ్మేవారికి సంబంధం లేని మెకానిక్‌తో, వీలైతే స్కానర్ పెట్టి చూపించండి. ఆయనకిచ్చే ఫీజు రెండు మూడు వేలైనా, తర్వాత రాబోయే లక్ష రిపేరు ముందు అది లెక్కలోది కాదు. బడ్జెట్‌లో పదో వంతు మొదటి ఏడాది టైర్లకు, సర్వీసుకు, బీమాకు పక్కన పెట్టి, మిగిలిన మొత్తంలోనే బండి వెతకండి. నచ్చిన రంగు దొరకలేదని రెండు వారాలు ఆగినా నష్టం లేదు. సర్వీస్ రికార్డు దొరకని బండిని తొందరపడి ఇంటికి తెచ్చుకుంటే, ఆ కుటుంబం ఎక్కిన ప్రతిసారీ డ్యాష్‌బోర్డు లైట్ల వంకే చూస్తూ కూర్చోవాలి.