భరతుని దర్భశయ్య – చీరాల ప్రజల రామనగరము

అయోధ్యాకాండలోని చిత్రకూట ఘట్టమును మనము భ్రాతృభక్తికి పరమ నిదర్శనముగా పారాయణ చేస్తాము. పాదుకలు మన కన్నులముందు నిలుస్తాయి. వాటికి ముందు జరిగిన ఒక చిన్న సంఘటన మాత్రము మరుగున పడిపోతుంది. ఎన్ని విధముల ప్రార్థించినా శ్రీరాముడు మరలి రానన్నప్పుడు భరతుడు సుమంత్రుని పిలిచి నేలపై దర్భలు పరచమన్నాడు. ధనము కోల్పోయిన ద్విజుడు ఋణగ్రస్తుని వాకిట పడియున్నట్లు, అన్నగారు ప్రసన్నుడయ్యేవరకు నిరాహారుడై పర్ణశాల ముంగిట శయనిస్తానన్నాడు. సుమంత్రుడు రాముని ముఖమువైపు చూస్తూ నిలిచిపోయాడు. భరతుడు తానే దర్భలు పరచుకొన్నాడు. దీనికి ప్రత్యుపవేశనమని పేరు. నేడు కార్యాలయముల ముందు మనము చూచే ధర్నా దీని సంతతియే.

శ్రీరాముని సమాధానము విచారణీయము. 'నేను చేసిన అపచారమేమి, నామీద ఇట్లు ప్రత్యుపవేశనము చేయడానికి?' అని మొదట అడిగాడు. బ్రాహ్మణునికి ఈ ఆచారము ఉండవచ్చును గాని అభిషిక్తులైన క్షత్రియులకు విధి కాదన్నాడు. తరువాత లేచి తనను, జలమును స్పృశించమన్నాడు. అనగా ఆ చర్యకు ప్రాయశ్చిత్తము కూడా విధించాడు! భరతుడంతటి నిష్కల్మషుడు కూర్చున్నను ఆ ఆసనములో ఏదో దోషమున్నదని ప్రభువు భావించాడన్నమాట.

ఆ దోషమేమి? నా అల్పబుద్ధికి తోచినది ఇది. ప్రత్యుపవేశనములో ఉపవసించేవాడు తన దేహమును పణముగా పెడుతున్నట్లు కనిపించినా, నిజముగా భారము ఎదుటివాని మీదనే పడుతుంది. వాకిట బ్రాహ్మణుడు పస్తుండగా గృహస్థు అన్నము ముట్టరాదు. అతడు మరణిస్తే ఆ పాతకము గృహస్థుదే. ఇది మౌనమే, అహింసయే, అయినను ఒత్తిడి. భరతుడు ఆ దర్భలపైనుండి లేచిన తరువాత చేసినది వేరు. పాదుకలను సింహాసనముపై ఉంచి, అయోధ్యలో నివసించక, నందిగ్రామములో జటావల్కలధారియై పదునాలుగేండ్లు గడిపాడు. తల్లి సంపాదించి పెట్టిన రాజ్యమును ఒక్క పరుషవాక్యము లేకుండా ప్రతిదినము నిరాకరించాడు. అక్కడ అతడు విడిచినది తనదే. ఆ నిరాకరణమును శ్రీరాముడు నిషేధించలేదు.

ఈ రెండు మార్గములు మన దేశచరిత్రలో చాలాకాలము కలసియే ప్రవహించాయి. ఈస్ట్ ఇండియా కంపెనీవారికి ధర్నా పెద్ద చిక్కైనది. బాకీ వసూలుకు బ్రాహ్మణులు విషమో కత్తియో చేతపట్టి వాకిట కూర్చొనడమును నిరోధిస్తూ 1795లో కాశీ మండలమునకు ప్రత్యేకముగా ఒక నిబంధన చేశారు. 1860 నాటి శిక్షాస్మృతిలోని 508వ విభాగములో దైవాగ్రహమునకు గురియగుదువని ఎదుటివానిని భయపెట్టడము నేరమని చెప్పి, ఉదాహరణగా ఇతరుని గుమ్మమున ధర్నా కూర్చొనడమునే పేర్కొన్నారు. విదేశీయ శాసనకర్తకు మన ఆచారములో భయోత్పాదనము మాత్రమే కనిపించినది. ఆ దృష్టి అసంపూర్ణమే గాని పూర్తిగా అసత్యమని అనలేము.

అయితే అదే కాశీలో, ఆ నిబంధన వచ్చిన పదిహేనేండ్లకు, ఒక వ్యక్తి వాకిట కాక సమస్త ప్రభుత్వము ఎదుట ఒక నగరమే కూర్చున్నది. 1810లో కంపెనీ గృహములపై పన్ను విధించినది. డిసెంబరు నెలలో అంగళ్లు మూతపడ్డాయి. లోహకారులు ముందు నడిచారు. నావికులు పడవలు నిలిపివేశారు. దహనసంస్కారము చేసేవారు లేక శవములను గంగలో విడువవలసి వచ్చినది. గ్రామగ్రామమునకు 'ధర్మపత్రి' అనే ఆహ్వానములు వెళ్లాయి, ఇంటికొకరు రావాలని. నగరము వెలుపల మైదానములో ఇరువదివేలకు పైగా ప్రజలు దినముల తరబడి కూర్చున్నారు. ఆయుధము లేదు, ఆక్రమణ లేదు. పూర్వపు సుల్తానులు సైతము ప్రజల నివాసగృహములపై చేయి వేయలేదని వారి అర్జీలో ఉన్నది. అంటే వారు క్రొత్త హక్కు కోరలేదు. పాలకుడు దాటిన మర్యాదను గుర్తుచేశారు.

కోలాహలమునకు లొంగినట్లు కనబడడము పన్ను నష్టముకన్న ప్రమాదకరమని కంపెనీ అధికారులు భావించారు. సైన్యమును రప్పించారు, దేవాలయములకు పేదలకు మినహాయింపులిచ్చారు, కాశీరాజు మధ్యవర్తిత్వముతో ప్రజలు ఇండ్లకు మరలారు. 1812 నాటికి ఆ పన్ను రద్దయినది. ఈ పత్రములన్నింటిని వెలికితీసి 1971లో గ్రంథముగా కూర్చినవారు ధరంపాల్. సత్యాగ్రహము పాశ్చాత్య గ్రంథపఠనము వలన మాత్రమే పుట్టినదనుకొనేవారికి ఆ పుస్తకము మంచి ఔషధము. ఒక్క మాట మాత్రము దాచకూడదు: కులములవారీగా శపథములు చేయించి, రానివారిని బహిష్కృతులను చేస్తామన్న బెదిరింపు కూడా ఆ సభలో ఉన్నది. దర్భశయ్య దోషము అక్కడ కొంత మిగిలియున్నది.

గాంధీమహాత్ముడు 1909లో వ్రాసిన హింద్ స్వరాజ్‌లో రెండవ మార్గము స్పష్టముగా కనిపిస్తుంది. ఒక చిన్న సంస్థానములో ప్రభువు ఆజ్ఞ నచ్చక ప్రజలు ఊరు ఖాళీ చేయసాగారట; ప్రభువు కలవరపడి క్షమాపణ కోరి ఆజ్ఞను ఉపసంహరించుకొన్నాడట. ఆ చిన్న ఉదంతము పన్నెండేండ్ల తరువాత మన తెలుగుగడ్డపై చీరాలలో సజీవమైనది.

చీరాల, పేరాల గ్రామములను కలిపి ప్రభుత్వము మునిసిపాలిటీ చేసినది. సుమారు నాలుగువేల రూపాయలుండిన పన్నుభారము నలుబదివేలకు చేరినది. నేతపనివారు, చిన్న వ్యాపారులు అధికముగా ఉన్న ఊరది. విన్నపములు వ్యర్థమైనవి, పన్ను కట్టని కొందరిని, వారిలో ఒక స్త్రీని కూడా, కారాగారమునకు పంపారు. 1921 ఏప్రిల్‌లో బెజవాడ కాంగ్రెసు సభల తరువాత చీరాలకు వచ్చిన గాంధీజీ, అహింసను వీడక పన్ను నిరాకరించడము, లేదా మునిసిపల్ పరిధినే విడిచిపోవడము అనే రెండు త్రోవలు చూపారు. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వములో ప్రజలు రెండవదానిని ఎంచుకొన్నారు. పదిహేనువేల జనాభాలో సుమారు పదమూడువేలమంది ఇండ్లకు తాళములు వేసి పరిధి వెలుపల పాకలు వేసుకొన్నారు. ఆ పాకల ఊరికి పెట్టుకొన్న పేరు రామనగరము. గోపాలకృష్ణయ్యగారి స్వచ్ఛంద సేవకుల దళము పేరు శ్రీరామదండు. ఎడింబరోలో ఎం.ఏ. చదివివచ్చిన ఆ పండితునికి ఈ పేర్లు అలంకారములు కావని నా నమ్మకము. రాముడు వెడలిన అయోధ్య మాకెందుకని ఇండ్లు విడిచి రథము వెంట నడిచిన పౌరుల కథ ఆయనకు తెలియనిది కాదు గదా!

ఇక్కడ ఎవరి వాకిటా ఎవరూ కూర్చొనలేదు. అధికారి భోజనమునకు ఆటంకము కలుగలేదు. పురపాలక సంఘమున్నది, దానికి పురము లేదు. ఎండాకాలపు నడిమధ్య మొదలైన ఆ నివాసము వర్షములను, చలిని దాటి సుమారు పదకొండు నెలలు సాగినది. రామనగరములో వివాదములను వారే పరిష్కరించుకొన్నారు.

బరంపురములో ప్రసంగ నిషేధమును ధిక్కరించినందుకు గోపాలకృష్ణయ్యగారికి ఒక సంవత్సరము శిక్ష పడినది. నాయకుడు లేక, ధనము లేక, పాకలు శిథిలమై, ప్రజలు క్రమముగా ఇండ్లకు మరలారు. మునిసిపాలిటీ నిలిచినది, పన్నులు చెల్లించారు. హింద్ స్వరాజ్ లోని ప్రభువు కలవరపడినాడు, మద్రాసు ప్రభుత్వము పడలేదు. ప్రజలు వెడలిపోతే రాజ్యము శూన్యమని తలచే పాలకుని యెదుటనే ఈ అస్త్రము వెంటనే పనిచేస్తుంది. తక్కినచోట్ల దాని ఫలము ఆలస్యముగా, మరొక రూపమున వస్తుందో, రాదో.

వాల్మీకి కథలోని పౌరులును తమసాతీరమున ఉదయము మేల్కొని, రథము జాడ కానక, ఇండ్లకే తిరిగివచ్చారు. రాముని వదలి ఎట్లు వచ్చారని వారి భార్యలు వారిని నిందించారు. చీరాలలో స్త్రీలు ఇండ్ల వద్ద నిలిచి ఎదురుచూడలేదు. పిల్లలను వెంటబెట్టుకొని వారును రామనగరములోనే ఉన్నారు.