జార్జ్ బెన్సన్

జార్జ్ బెన్సన్ (జననం: 22 మార్చి 1943) అమెరికన్ జాజ్ గిటారిస్టు, గాయకుడు. గిటార్ మీద అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయే స్వరాలను అదే క్షణంలో గొంతుతోనూ పలికించడం ఆయన ప్రత్యేకత. పది గ్రామీ అవార్డులు అందుకున్నారు. అమెరికా ప్రభుత్వ కళా సంస్థ నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది ఆర్ట్స్ 2009లో ఆయనకు 'జాజ్ మాస్టర్' గౌరవాన్నిచ్చింది. ఒకప్పుడు గొప్ప గిటారిస్టుగా ఉన్న మనిషి డబ్బు కోసం పాటలవైపు మళ్ళారన్న విమర్శ ఆయన్ను చాలాకాలం వెంటాడింది. జీవిత క్రమం చూస్తే మాత్రం కథ అటునుంచి ఇటు నడిచిందని తెలుస్తుంది. ఆయన ముందు గాయకుడు, ఆ తర్వాతే గిటారిస్టు.

బాల్యం

బెన్సన్ పెన్సిల్వేనియా రాష్ట్రంలోని పిట్స్‌బర్గ్‌లో, హిల్ డిస్ట్రిక్ట్ అనే నల్లజాతి వాడలో పుట్టి పెరిగారు. ఉక్కు కర్మాగారాలకు పేరుపడిన ఈ ఊరు జాజ్ సంగీతకారులకూ పుట్టిల్లే. డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీ, పియానో విద్వాంసులు ఎరల్ గార్నర్, అహ్మద్ జమాల్ అక్కడివారే. హిల్ డిస్ట్రిక్ట్ క్లబ్బుల్లో రాత్రిళ్ళు పాట ఆగేది కాదు.

ఏడేళ్ళప్పుడు బెన్సన్ వీధి మూలనున్న మందుల దుకాణంలో ఉకులేలే వాయిస్తూ పాడి చిల్లర సంపాదించేవారు. ఎనిమిదేళ్ళకు వారాంతాల్లో ఒక నైట్‌క్లబ్బులో గిటార్ వాయించారు. లైసెన్సు లేదని పోలీసులు ఆ క్లబ్బును మూయించారు. 1954లో, పదేళ్ళు దాటిన వయసులో, ఆర్‌సీఏ విక్టర్ అనుబంధ సంస్థ 'గ్రూవ్' ఆయన పాట 'షీ మేక్స్ మీ మ్యాడ్'ను రికార్డుగా తెచ్చింది. అందులో వినబడేది పాటగాడైన పిల్లవాడు. గిటార్‌లో ఆయన గట్టిగా కూర్చున్నది ఆ తర్వాతి మాట. సవతి తండ్రి ఇంట్లో గిటారిస్టు చార్లీ క్రిస్టియన్ రికార్డులు పెట్టేవారు. అమ్మ ఓక్ పెట్టెను కోసి పిల్లవాడికి గిటార్ చేసిచ్చింది కూడా ఆయనే. తర్వాత గ్రాంట్ గ్రీన్, హ్యాంక్ గార్లండ్, వెస్ మోంట్‌గోమరీల గిటార్, చార్లీ పార్కర్ సాక్సఫోన్ బెన్సన్ చెవిని తీర్చిదిద్దాయి.

మెక్‌డఫ్ బృందంలో శిక్షణ

1960ల తొలినాళ్ళలో ఆర్గన్ విద్వాంసుడు జాక్ మెక్‌డఫ్ బృందంలో చేరడం బెన్సన్‌కు అసలైన చదువు. హ్యామండ్ ఆర్గన్ బృందాల్లో బేస్ గిటారిస్టు ఉండరు. మంద్రస్థాయి స్వరాలను ఆర్గన్ వాయించే వ్యక్తే కాళ్ళతోనూ ఎడమచేతితోనూ చూసుకుంటారు. అంటే గిటారిస్టుకు దాగడానికి చోటుండదు. ఇతరులు వాయిస్తున్నప్పుడు వెనక తాళానికి ఊతమివ్వాలి, తన వంతు రాగానే ముందుకొచ్చి జనాన్ని కట్టిపడేయాలి. పైగా అది విద్వత్సభ కాదు, తాగుతూ మాట్లాడుకునే జనం మధ్య క్లబ్బు. బ్లూస్ బాణీ తెలియనివాళ్ళు అక్కడ నిలబడలేరు. ఎంత జటిలమైన స్వరజాలం అల్లినా బెన్సన్ వాయిద్యంలో ఆడించే లయ తప్పకపోవడం ఆ క్లబ్బుల చలవే.

1964లో మెక్‌డఫ్ కూడా వాయించగా ప్రెస్టీజ్ సంస్థ బెన్సన్ పేరుతో మొదటి ఆల్బమ్ విడుదల చేసింది. తర్వాత ఆయన సొంత బృందం పెట్టుకున్నారు. ఆర్గన్ లానీ స్మిత్‌ది, బ్యారిటోన్ సాక్సఫోన్ రానీ క్యూబర్‌ది. గాయని బిల్లీ హాలిడే వంటివారిని వెలుగులోకి తెచ్చిన జాన్ హ్యామండ్ కొలంబియా సంస్థ కోసం వీళ్ళ రికార్డులు చేయించారు. 1966 నాటి 'ఇట్స్ అప్‌టౌన్'లో బెన్సన్ గిటార్ వాయించడమే కాదు, పాత జాజ్ పాటలు పాడారు కూడా. తర్వాతి కాలంలో పాట గురించి విమర్శించినవాళ్ళు ఈ రికార్డును సౌకర్యంగా మరిచిపోయారు. 1968లో ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ తన 'మైల్స్ ఇన్ ది స్కై' ఆల్బమ్‌లోని 'పారఫర్నేలియా'లో బెన్సన్ చేత గిటార్ వాయింపజేశారు.

అదే ఏడాది వెస్ మోంట్‌గోమరీ 45 ఏళ్ళకే గుండెపోటుతో కన్నుమూశారు. ఆయన రికార్డులు నిర్మిస్తూ వచ్చిన క్రీడ్ టేలర్ ఆ తర్వాత బెన్సన్‌తో పని మొదలుపెట్టారు. బీటిల్స్ పాటలతో చేసిన 'ది అదర్ సైడ్ ఆఫ్ ఆబీ రోడ్' ఆ దారిలో వచ్చిందే. టేలర్ స్థాపించిన సీటీఐ సంస్థకు 1971లో బెన్సన్ చేసిన 'బియాండ్ ది బ్లూ హొరైజన్' ఈ దశకు శిఖరం. రాన్ కార్టర్ బేస్, జాక్ డిజానెట్ డ్రమ్స్. మైల్స్ డేవిస్ రచన 'సో వాట్'తో అది మొదలవుతుంది.

వాయించే శైలి

సాధారణంగా గిటారిస్టులు పిక్ అనే చిన్న పలక ముందు అంచుతో తీగను మీటుతారు. బెన్సన్ బొటనవేలిని వెనక్కి వంచి, పిక్‌ను ఎదురుకోణంలో తిప్పి, వెనక అంచుతో మీటుతారు. దాంతో మీటు శబ్దం గరుకుగా కాక గుండ్రంగా, మెత్తగా వస్తుంది. ఎంత వేగంలోనైనా స్వరం స్వరంగానే వినిపిస్తుంది. ఈ పట్టు ఇప్పుడు ఆయన పేరుతోనే చలామణీలో ఉంది. మోంట్‌గోమరీ ఒకే స్వరాన్ని రెండు స్థాయుల్లో జంటగా వాయించే పద్ధతికి పేరుపొందితే, బెన్సన్ ఆ జంట మధ్య మూడో స్వరం చేర్చి దానికి నిండుదనం తెచ్చారు.

ఇక గొంతు సంగతి. అర్థంలేని అక్షరాలతో మనోధర్మంగా పాడటాన్ని జాజ్‌లో స్కాట్ అంటారు. మన కల్పనస్వరాల్లో గాయకులు ఏ స్వరం పాడితే దాని పేరే పలుకుతారు. స్కాట్‌కు ఆ నియమం లేదు, నోటికొచ్చిన ధ్వనే అక్షరం. బెన్సన్ గిటార్‌తో కలిసి స్కాట్ పాడేటప్పుడు గొంతు ముందా, వేళ్ళు ముందా అన్నది పట్టుకోలేం. వేళ్ళకు అలవాటైన దారులుంటాయి, అవి గిటార్ మెట్ల మీద తమంతట తాము పరుగెత్తగలవు. గొంతుకు ఆ వెసులుబాటు లేదు, మనసులో ముందు వినబడిందే పలుకుతుంది. అందుకే పాడుతూ వాయించినప్పుడు ఆయన సంగతుల్లో సాము తక్కువ, పాట ఎక్కువ.

'బ్రీజిన్' తర్వాత

1976లో వార్నర్ బ్రదర్స్ కోసం టామీ లిపూమా నిర్మించిన 'బ్రీజిన్' ఆయన జాతకాన్ని మార్చింది. శీర్షిక రచన బాబీ వోమాక్‌ది. తంత్రీవాద్యాల కూర్పు క్లాస్ ఓగర్‌మన్‌ది. ఆల్బమ్‌లో ఆరు అంశాలుంటే పాడింది ఒక్కటే: లియాన్ రసెల్ రాసిన 'దిస్ మాస్కరేడ్'. హోర్హె డాల్టో పియానో మీద మొదలై, ఎనిమిది నిమిషాలు సాగుతుంది. గిటార్, గొంతు ఒకటిగా నడిచే ఆ పాట అమెరికా మొదటి పది పాటల్లో చేరింది, 1977లో 'రికార్డ్ ఆఫ్ ది ఇయర్' గ్రామీ తెచ్చింది. ఆల్బమ్ పాప్, జాజ్, ఆర్ అండ్ బి పట్టికలు మూడింటిలోనూ మొదటి స్థానానికి చేరి, అమెరికాలోనే 30 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. జాజ్ రికార్డుకు ఇది అరుదైన సంగతి.

తర్వాతి దశాబ్దం ఎక్కువగా పాటలదే. ముహమ్మద్ అలీ జీవితంపై 1977లో వచ్చిన 'ది గ్రేటెస్ట్' సినిమాకు ఆయన పాడిన 'ది గ్రేటెస్ట్ లవ్ ఆఫ్ ఆల్'ను విట్నీ హ్యూస్టన్ తిరిగి పాడి ప్రపంచమంతా వినిపించారు. 'నథింగ్స్ గాన్నా చేంజ్ మై లవ్ ఫర్ యూ' కూడా 1985లో మొదట బెన్సన్ గొంతులో వచ్చిందే. 1980లో క్విన్సీ జోన్స్ నిర్మించిన 'గివ్ మీ ది నైట్' డ్యాన్స్ హాళ్ళను ఊపేసింది. వీటిలో కొన్ని తీపి మరీ ఎక్కువైన పాటలేనని ఒప్పుకోవాలి. గిటార్ నాలుగు పలుకులు పలికి తప్పుకుంటుంది. కానీ అదే 'గివ్ మీ ది నైట్' ఆల్బమ్‌లోని 'మూడీస్ మూడ్'కు జాజ్ గాత్రంలో గ్రామీ వచ్చిందని గుర్తుంచుకోవాలి.

జపాన్ సంస్థ ఐబానెజ్‌తో కలిసి 1970ల చివర ఆయన రూపొందించిన జీబీ10 గిటార్‌ది మరో చరిత్ర. బోలు దేహమున్న జాజ్ గిటార్లు పెద్ద వేదికల మీద స్పీకర్ల హోరుకు కూతపెడతాయి. దేహాన్ని చిన్నదిగా చేసి ఆ ఇబ్బందిని తగ్గించారు.

1990లో కౌంట్ బేసీ ఆర్కెస్ట్రాతో, 2006లో గాయకుడు అల్ జారోతో ఆల్బమ్‌లు చేశారు. చిన్ననాటి ఆరాధ్యుడు న్యాట్ కింగ్ కోల్‌కు 2013లో, చక్ బెరీ, ఫ్యాట్స్ డామినోలకు 2019లో నివాళి రికార్డులు తెచ్చారు. ఆత్మకథ 2014లో వెలువడింది.

బెన్సన్‌ను కొత్తగా వినేవారు 1977లో లాస్ ఏంజిలిస్ రాక్సీ థియేటర్ కచేరీలో రికార్డయిన 'ఆన్ బ్రాడ్‌వే'తో మొదలుపెట్టవచ్చు. చరణాలు అయ్యాక వచ్చే స్కాట్ భాగాన్ని ఓపిగ్గా వినండి. తర్వాత 'బియాండ్ ది బ్లూ హొరైజన్'లోని 'సో వాట్' వినండి, అందులో ఆయన ఒక్క మాట కూడా పాడరు.