కోయంబత్తూరు నుంచి మార్టిన్స్‌విల్‌కి

నారాయణ్ కార్తికేయన్ అనగానే మనవాళ్లకి 2005, ఫార్ములా వన్, పసుప్పచ్చ జోర్డాన్ కారు గుర్తొస్తాయి. కథ అక్కడితో ఆపేస్తారు. 2010లో ఆయన అమెరికాలో నాస్కార్ రేసుల్లో పికప్ ట్రక్కు తోలిన సంగతి తెలిసినవాళ్లు తక్కువ. నాస్కార్‌లో దిగిన తొలి భారతీయుడు ఆయనే.

నాస్కార్ నడిపేది స్టాక్ కార్ రేసులు, అంటే మామూలు కార్ల రూపంలోని బండ్ల పందాలు. వీటి పుట్టుకే తమాషా. అమెరికా దక్షిణాది కొండల్లో నాటుసారా చేరవేసేవాళ్లు పోలీసులకి చిక్కకుండా మామూలు కార్లకే పదును పెట్టుకునేవారు. ఎవరి బండి గట్టిదో తేల్చుకోవాలని పందాలూ వేసుకున్నారు. 1947 డిసెంబరులో రేసుల నిర్వాహకుడు బిల్ ఫ్రాన్స్ డేటోనా బీచ్‌లోని ఓ హోటల్లో అందర్నీ కూర్చోబెట్టారు. 1948లో నాస్కార్ ఏర్పడింది. షోరూములో దొరికే కారుతోనే పందెం అన్నది అప్పటి మాట. ఇప్పుడు పై రూపం తప్ప షోరూము వాసన ఏమీ లేదు.

ఇక నారాయణ్ ఊరు కోయంబత్తూరు. తెలుగు నాయుళ్లు తరాల కిందటే స్థిరపడి మిల్లులూ మోటార్లూ నడిపిన ప్రాంతం. జి.డి. నాయుడు 1920లో పొల్లాచ్చి - పళని దారిలో బస్సు తిప్పారు. లక్ష్మీ మిల్స్ కుటుంబంలో పుట్టిన కరివర్ధన్‌కి నూలు కన్నా బండ్ల పిచ్చి ఎక్కువ. విదేశీ రేసు కారు కొనలేని కుర్రాళ్ల కోసం, 1988లో మారుతి 800 ఇంజనుతో ఫార్ములా మారుతి కార్లు దించారు. సంతకెళ్లే బండి ఇంజను, 796 సీసీ! 1995లో విమాన ప్రమాదంలో పోయారు. ఆయన ఒక్కరు చేసినంత మన ప్రభుత్వాలు చేయలేదని నా అభిప్రాయం.

నారాయణ్ తండ్రి జి.ఆర్. కార్తికేయన్ జాతీయ ర్యాలీ చాంపియన్. సౌత్ ఇండియా ర్యాలీ ఏడుసార్లు గెలిచారు. కొడుకు తొలి రేసు శ్రీపెరుంబుదూరులో, ఆ ఫార్ములా మారుతిలోనే. అప్పుడే మొదటి ముగ్గురిలో నిలిచారు. తర్వాత ఫ్రాన్స్‌లో శిక్షణ, 1996లో ఫార్ములా ఆసియా టైటిల్, 2005లో ఇండియానాపొలిస్‌లో నాలుగో స్థానం. ఆ రేసులో పరుగెత్తినవి ఆరు కార్లేలెండి!

ఇక నాస్కార్ ట్రక్కులో తొలి రేసు, 2010 మార్చిలో వర్జీనియాలోని మార్టిన్స్‌విల్ ట్రాక్ మీద. చుట్టు 850 మీటర్లకి లోపే. రెండు పొడుగాటి తిన్నని దారులు, రెండు ఇరుకు మలుపులు, తిప్పడమంతా ఎడమకే. ట్రక్కు బరువు టన్నున్నర పైమాటే. వెనకవాడు బంపరుతో ఓ తోపు తోసి దారడగడం అక్కడ మామూలు. ఫార్ములా వన్‌లో అలా తగిలితే రెక్క విరిగి బండి షెడ్డుకే. కార్తికేయన్ 13వ స్థానంలో ముగించారు. కొత్తవాడికి మంచి ఫలితమే. ఆ ఏడాది ఒక్క గెలుపూ లేదు. అయినా ట్రక్కు సిరీస్‌లో అభిమానుల ఓట్లతో ఇచ్చే ‘అత్యంత ప్రజాదరణ’ బహుమతి ఆయనకే దక్కింది. ఆ ఓట్లు ఎటునుంచి పడ్డాయో ఊహించుకోండి.

రేసు మోజుతో హైదరాబాదు హిమాయత్ సాగర్ పక్కన ఔటర్ రింగు రోడ్డు మీద గంటకి 120 కిలోమీటర్ల పరిమితి దాటించి మగతనం చూపించే తమ్ముళ్లకో మాట. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో కరివర్ధన్ పేరు పెట్టిన ట్రాక్ ఉంది, జాతీయ పోటీలు జరుగుతాయి. రైలెక్కి అక్కడికి పొండి.