గాలిపీఠముపై సాగిన నావలు

నీటిని చీల్చుకొనిపోవుట నావకు సహజధర్మము. ఆ రాపిడివలన నావ శక్తిలో అధికభాగము వ్యర్థమగుచున్నదని గుర్తించి, నీటికిని నావకును నడుమ గాలిని పీఠముగా నిలిపినచో ఆ నష్టము తొలగునని తలచినవాడు క్రిస్టఫర్ కాకరెల్. మార్కోనీ సంస్థలో ఇంజనీరుగా పనిచేసి, పిదప తూర్పు ఇంగ్లండున పడవల వ్యాపారము నడపిన ఈయన, ఒక డబ్బాలో మరియొక డబ్బాను ఉంచి, ఆ రెంటి నడిమి వలయాకారపు సందునుండి గాలిని క్రిందికి ఊది, దాని ఒత్తిడిని వంటింటి త్రాసుపై తూచి, ఒంటిడబ్బా గుండ వెడలు గాలికంటె అది ఎంతయో బలవత్తరమని నిరూపించెను. 1955లో పేటెంటుకు దరఖాస్తు చేయగా, ప్రభుత్వము తొలుత దానిని సైనిక రహస్యముగ దాచియుంచెను.

తుదకు నేషనల్ రీసెర్చ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ ధనసాహాయ్యమున, ఐల్ ఆఫ్ వైట్ ద్వీపమునందలి సాండర్స్-రో సంస్థ ఎస్.ఆర్.ఎన్.1 అను హోవర్‌క్రాఫ్టును నిర్మించెను. ఫ్రెంచి వైమానికుడు బ్లెరియో విమానమున ఇంగ్లీషు ఛానెల్‌ను దాటి సరిగా 50 సంవత్సరములు నిండిన దినమున, అనగా 1959 జూలై 25న, ఆ యంత్రము కలే నుండి డోవరునకు చేరెను. కాకరెల్ స్వయముగా దానిపై నిలిచి, అటునిటు కదలుచు తన దేహభారముతో దాని తూకమును సరిచేసెను. అది నీటిపై కొలదిపాటి యెత్తున మాత్రమే తేలుటచే అలలను దాటలేకపోయెడిది. అంచుచుట్టును రబ్బరు స్కర్టును వ్రేలాడదీసిన పిమ్మటనే ఈ నావ సముద్రయోగ్యమయ్యెను.

ఆ వంశమున శిఖరస్థానము ఎస్.ఆర్.ఎన్.4ది. 1968 ఆగస్టున డోవరు, బులోన్ రేవుల నడుమ ప్రయాణికులను చేరవేయ నారంభించిన ప్రిన్సెస్ మార్గరెట్, దాని తోడిదైన ప్రిన్సెస్ ఆన్, మరి నాలుగు — ఈ జాతి నావలు మొత్తము ఆరే నిర్మింపబడినవి. నాలుగు ప్రోటియస్ గ్యాస్ టర్బైనులు ఒకవంక గాలిని అడుగునకు నెట్టుచు, మరొకవంక 19 అడుగుల ప్రొపెల్లర్లను త్రిప్పుచుండగా, ఆ ప్రొపెల్లర్లు నిలిచిన స్తంభములనే ఇటునటు మళ్ళించి నావికుడు దిశను మార్చెడివాడు. ఆ నావ రేవుకట్టతో పనిలేక, సముద్రమునుండి నేరుగా కాంక్రీటు మైదానముపైకి ప్రాకివచ్చి, గాలిని విడిచి నేలపై కూర్చుండెడిది. పిమ్మట పొడిగింపబడిన మార్గరెట్, ఆన్ ఒక్కొక్కటి 185 అడుగుల పొడవున 418 మంది ప్రయాణికులను, 60 కార్లను మోయగలిగెను. 1995లో ఆన్ 22 నిమిషములలో ఛానెల్‌ను దాటెను. ఈ వైభవముతోపాటు విషాదమును గూడ చరిత్ర భద్రపరుపవలయును: 1985 మార్చిలో మార్గరెట్ డోవర్ రేవుగోడకు తగిలి నలుగురు మృతినొందిరి.

ఈ నావల పతనమునకు ఇంధనవ్యయము, టర్బైనుల ఘోష, 1994లో ఛానెల్ అడుగున తెరువబడిన సొరంగరైలుమార్గము, 1999లో యూరోపియన్ యూనియన్ దేశముల నడుమ సుంకములేని విక్రయముల రద్దు — ఇవి యన్నియు హేతువులే. 2000 అక్టోబరు 1న కడపటి ప్రయాణము ముగిసినది. రెండు ప్రిన్సెస్ నావలను పూర్వపు నౌకాదళ విమానక్షేత్రమైన లీ-ఆన్-ద-సోలెంటునకు తరలించిరి. అచ్చటి హోవర్‌క్రాఫ్ట్ మ్యూజియమును స్వచ్ఛంద సేవకులు నడపుచున్నారు.

2016లో ఆ రెంటిని ముక్కలు చేయుదురను వార్త పొక్కగా, ఇరువదివేలకు పైబడిన ప్రజలు వినతిపత్రముపై సంతకములు చేసిరి. తత్ఫలితముగా ఆన్ దక్కినది. మార్గరెట్ 2018లో ముక్కలైనది. ఒకటి దక్కుట చాలునని కొందరందురు. నేనట్లు తలపను. విమానమువలె అల్యూమినియముతో నిర్మింపబడినట్టి యీ దేహము, ఉప్పుగాలి వీచు తీరమున వానకును ఎండకును నిలిచియున్నంతకాలము, సేవకుల శ్రమలో సగము క్షయమును ఆపుటకే చెల్లును. పాతకాలపు ఆవిరియంత్రమును ఔత్సాహికులు నడిపి చూపగలరు. ఇంతటి టర్బైను నావను మరల సముద్రమునకు దింపుట అట్లు సాధ్యముకాదు గనుక, ఇది కదలక యుండియే తన కథను చెప్పవలసియున్నది. స్కర్టు మడతలు, కార్లు నిలిచిన అంతస్తు, ప్రయాణికుల ఆసనములు, నావికుని గది — ఇవి ఒక్కచోట ఉన్నపుడే ఆ కథ బోధపడును. పటములు గాని, నమూనాలు గాని ఆ కొరతను తీర్పజాలవు.

ఎస్.ఆర్.ఎన్.1 సైన్స్ మ్యూజియము సంరక్షణలో నున్నది; 1965 నుండి సౌత్‌సీ, రైడ్ పట్టణముల నడుమ చిన్న హోవర్‌క్రాఫ్టులు నేటికిని ప్రజలను చేరవేయుచున్నవి. ఆదియు, కొనసాగింపును నిలిచియుండగా, నడిమి శిఖరమును తుప్పునకు వదలుట న్యాయము కాదు. ప్రిన్సెస్ ఆన్‌పై కప్పు నిర్మించు భారమును బ్రిటిష్ ప్రభుత్వము, పరిశ్రమలు సేవకులకే విడిచిపెట్టక, తామును వహింపవలయును.