బూజు వట్టిన పల్లిచెక్క

మంట జర ఎగదోయి బిడ్డా, చేతులు కొంకర్లు పోతున్నయ్. కోళ్ళ ముచ్చట అడిగినవ్ గదా, ఇను.

గిప్పుడు గాంధీ దవాఖాన ఉన్నకాడ అప్పుడు ముషీరాబాద్ జైలు. ఆ చుట్టుపక్కల ఇండ్లల్ల కోళ్ళ గంపలు మస్తుగుండె. మా అత్తమ్మ పొద్దుగాల గంప లేపంగనే కోడి జుట్టు ఎర్రగున్నదా, రెట్ట గట్టిగున్నదా చూసేది. లేపంగనే ఉరకని కోడిని ఏరువెట్టి, దాని నీళ్ళ మూకుడు సుత వేరే జేసేది. గుడ్డు వెట్టే కోడి దినాం వంద గ్రాముల పైన్నే మేత తింటది, నీళ్ళు దానికి రెండింతలు తాగుతది. ఎండకాలమైతే ఇంకా ఎక్కువ. తోలుగుడ్డు వెడితే గవ్వల పొడి, కాల్చి దంచిన గుడ్డు పెంకులు నూకలల్ల కలిపేది. తిండిల సున్నం లేకుంటే పాపం ఆ కోడి దాని బొక్కలల్లకెల్లే తీసి పెంకు గట్టుకుంటది!

వానకాలం అసలు గండం మేత సంచులల్ల ఉండె. పక్కింటాయన తెల్ల లెగ్‌హార్న్ కోళ్ళు తెచ్చిండు. అగ్గువకొచ్చిందని పల్లిచెక్క కొని రేకుల కింద వెట్టిండు. నీళ్ళు కారి ముద్దగట్టింది. ఇరిస్తే లోపట ఆకుపచ్చ బూజు. ఎండల వోసి అదే వెట్టిండు. గుడ్లు తగ్గినయ్, జుట్లు పాలిపోయినయ్, ఒక్కొక్కటే రాలవట్టినయ్. వాడకట్టంత దిష్టి అన్నరు. కోసి చూస్తే కార్జం పచ్చగ, ముట్టుకుంటె చిదుగుతున్నది.

1960ల ఇంగ్లండ్‌ల గిట్లనే బూజు వట్టిన బ్రెజిల్ పల్లిచెక్క తిని లక్ష దాకా టర్కీ కోళ్ళు చచ్చినయ్. ఆ బూజు విషానికే అఫ్లటాక్సిన్ అని పేరు వెట్టిన్రు. దాన్ని పరీక్షవెట్టినోళ్ళు మనకు దూరపోళ్ళు గాదు. అడిక్‌మెట్ ఎక్కి ఉస్మానియా యూనివర్సిటీ దాటితే తార్నాక. 1958ల కూనూర్ నుంచి వచ్చిన పోషకాహార లాబొరేటరీ ఆడనే ఉంటది, ఇప్పుడు ఎన్‌ఐఎన్ అంటరు. 1964ల తుల్పులే, మాధవన్, గోపాలన్ సార్లు కోతిపిల్లలకు ఆ విషం వెట్టి, కార్జం ఎట్ల చెడుతదో చూపిచ్చిన్రు. బూజు గీకినా, ఎండవెట్టినా విషం పూర్తిగ పోదు. సంచి పారెయ్యాల్సిందే.

కొక్కెర రోగం వేరే. మెడ మెలివడ్డంక పసుపు, ఎల్లిగడ్డ ఏం పని జెయ్యవు. టీకా ముందే ఏపియ్యాలె. మా అత్తమ్మకు సూదంటె నమ్మకం లేకుండె. కొక్కెరొచ్చి పక్క గల్లీని ఊడ్సినంక, ఆమెనే కోళ్ళను గంపల వెట్టుకొని పశువుల దవాఖానకు రిక్షా ఎక్కింది. కిరాయి కాడ గంటసేపు కొట్లాడింది గని, సూది కాడ నోరు మెదపలే.