విన్న పద్యము, నిలిచిన గ్రంథము

తెలంగాణమునఁ గవులు లేరను మాట నైజాము కాలమున వినవచ్చెను. సురవరము ప్రతాపరెడ్డిగారు వాదముతోఁ గాక గ్రంథముతో బదులు చెప్పిరి. 1926లో వెలువడిన తమ గోలకొండ పత్రిక మూలమునఁ బల్లెపల్లెల కవులను బిలిచి, 354 మంది రచనలతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను బ్రకటించిరి. వారిలోఁ బెక్కండ్రు అదివఱకు లోకమునకుఁ బేరైనఁ దెలియనివారే.

సభలోఁ జదివిన పద్యము చప్పట్లతో ముగియును. అచ్చుపడినది మనుమల చేతికి వచ్చును. రామగుండము, గోదావరిఖని ప్రాంతమున వేసవిలోఁ గవిగోష్ఠులు జరుపఁదలఁచువారు దీనిని మఱవరాదు. గని కార్మికుల పాటలు, పల్లె పెద్దల పద్యములు నోట నున్నప్పుడే వ్రాసికొని, కర్త పేరును ఊరును జేర్చి ముద్రింపవలయును. లేనిచో నాఁటి నింద మరల మన గడప త్రొక్కును.